విప్పని ఎర్ర పీలిక

(నెల్లూరులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థులకూ ఊళ్లోని ఆసక్తిపరులకూ చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినపడుతోందా? సరే.

నన్ను పిలిచిన మాస్టారు పోస్టరు మీద "ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో మెమరీ భద్రత లోపాలు" అని వేయించారు. ఆ పేరు చూసి కూడా ఇంతమంది వచ్చారంటే సగం మందికి అటెండెన్స్ ఇస్తామని చెప్పుంటారు. (నవ్వులు) ముందు వరసలో మా ఊరివాళ్లు కొందరు కూర్చున్నారు. వాళ్లకు అటెండెన్స్‌తో పనిలేదు, మా నాయన వెంటపెట్టుకొచ్చాడు. వాళ్లు మధ్యలో లేచిపోకుండా ఉండాలంటే నేను రొయ్యల చెరువు దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఇందుకూరుపేట వైపు. మైపాడు బీచికి వెళ్తుంటే దారిలో ఏరియేటర్లు తిరుగుతూ కనిపిస్తాయే, అలాంటి చెరువులే మావీ. నేను ఎనిమిదో తరగతి చదివే రోజులకు ఇంకా వనామి రాలేదు, అంతా టైగర్ రొయ్యే. పట్టుబడి రోజు తెల్లవారుజామున మూడింటికే లేపేవాళ్లు. వల లాగడం పెద్దవాళ్ల పని. కాటా దగ్గర నిలబడటం నాయన పని. నాకు అప్పజెప్పింది పీలికల పని.

కట్ట మీద వరసగా గుంజలు పాతి ఉండేవి. ఒక్కో గుంజ దగ్గర ఒక ట్రే. ట్రే సగమే నిండితే ఆ గుంజకు ఎర్రగుడ్డ పీలిక కట్టాలి. "ఇంకా పడతాయి, ఇందులోనే పొయ్యండి" అని దానర్థం. ఆ చీకట్లో, ఆ అరుపుల్లో ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. గంపతో వచ్చినవాడు పీలిక చూసి పోసేసి వెళ్లిపోతాడు. ట్రే నిండి కాటాకి వెళ్లగానే పీలిక విప్పేయాలి. అంతే నా ఉద్యోగం.

ఒకసారి మాదీ పక్క చెరువువాళ్లదీ ఒకే రోజు పట్టుబడి పడింది. వ్యాను ఒకటే, అందుకని వరసా ఒకటే. వాళ్లది ముప్పై కౌంట్, అంటే కిలోకు ముప్పై తూగే రొయ్య. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. తూకం అయిపోయింది, చీటీ కూడా రాసేశారు. వ్యానెక్కించేలోపు ఆ ట్రేని ఖాళీగా ఉన్న మా గుంజ దగ్గర పెట్టారు. ఆ గుంజకు అంతకుముందు విడతలో కట్టిన పీలిక నేను విప్పలేదు. నిద్రమత్తు. మా కుర్రాడు గంపతో వచ్చాడు, పీలిక చూశాడు, మా యాభై కౌంట్ రొయ్యలు తీసుకెళ్లి వాళ్ల ముప్పై కౌంట్ ట్రేలో కుమ్మరించాడు.

తూకం వేసి చీటీ రాసిన సరుకది. అందులో వేలు పెట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా కుర్రాడి తప్పేముంది? గుర్తు ఉంది, పోశాడు. ట్రే తెచ్చి పెట్టినవాళ్లదీ తప్పు కాదు, చోటు ఖాళీగా ఉంది, పెట్టారు. నాయన నా వైపు చూసి "ఏందబ్బయా ఇది" అన్నాడు. ఆ ఒక్క మాటే.

చాలా ఏళ్ల తర్వాత అదే పీలికను లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ సోర్సుకోడులో చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచేదీ ఆ కెర్నెలే. ఆ లోపానికి పెట్టిన పేరు డర్టీ పైప్. 2022 మార్చి 7న బయటపెట్టారు. భద్రత లోపాల రిజిస్టరులో దాని నంబరు సీవీఈ-2022-0847.

కెర్నెల్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, సీఎస్ఈ వాళ్లు కాసేపు ఫోన్ చూసుకోండి. మీ ఫోనులో ఉన్న యాప్‌లలో ఏదీ మెమరీని గానీ డిస్కుని గానీ సొంతంగా ముట్టుకోలేదు. ఏం కావాలన్నా కెర్నెల్‌ని అడగాలి. ఈ ఫైలు నువ్వు చదవొచ్చు, రాయకూడదు అని చెప్పేది అదే. అది పొరబడితే ఇక పైన అడిగేవాళ్లు లేరు.

మీరు ఒక ఫైలు తెరిచారనుకోండి. కెర్నెల్ దాన్ని డిస్కు నుంచి తెచ్చి 4,096 బైట్ల ముక్కలుగా ర్యామ్‌లో పెట్టుకుంటుంది. ఒక్కో ముక్క ఒక పేజీ, మొత్తాన్ని పేజ్ కాష్ అంటారు. తర్వాత ఆ ఫైలును ఎవరడిగినా డిస్కు దాకా పోకుండా ఈ కాపీనే చూపిస్తుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి. డిస్కు మీద ఏముందన్నది కాదు, ఈ కాపీలో ఏముంటే అందరికీ అదే నిజం.

ఇక పైపు. ఒక ప్రోగ్రాము ఇటునుంచి పోస్తుంటే ఇంకో ప్రోగ్రాము అటునుంచి పట్టుకుంటుంది. లోపల మామూలుగా పదహారు గళ్లుంటాయి. పదహారోది అయ్యాక మళ్లీ మొదటి గడికే వస్తుంది, గానుగెద్దు తిరిగినట్టు. ఒక్కో గడికి ఒక చిన్న చీటీ. సరుకు ఏ పేజీలో ఉంది, ఎక్కడ మొదలైంది, ఎంత పొడవు, దాన్ని పట్టుకునే పద్ధతులేమిటి, చివర్లో ఫ్లాగ్స్. ఆ ఫ్లాగ్స్‌లో ఒక బిట్ పేరు "కెన్ మెర్జ్". అంటే, పేజీ ఇంకా నిండలేదు, తర్వాత వచ్చేది ఇందులోనే కలపొచ్చు. పీలిక కనపడిందా?

స్ప్లైస్ అని ఒక సిస్టమ్ కాల్ ఉంది, అంటే ప్రోగ్రాము కెర్నెల్‌ని ఒక పని అడిగే పద్ధతి. ఫైల్లోని సరుకును పైపులోకి పంపాలి. ఒక ట్రేలోంచి ఇంకో ట్రేలోకి ఒంపడం ఎందుకు, టైం దండగ. ఏకంగా ఆ ఫైలు ట్రేనే, అంటే పేజ్ కాష్‌లోని అసలు పేజీనే, పైపు గడిలో పెట్టేస్తుంది. కాపీ లేదు, ఖర్చు లేదు. మంచి ఆలోచనే. కాకపోతే ఆ గడిలో ఇప్పుడున్నది పక్కవాడి ట్రే. దాని గుంజకు పీలిక ఉండనే కూడదు.

ఆ పని చేసే సీ కోడు మీకు చూపిద్దామనుకున్నాను, ప్రొజెక్టరు మనకు సహకరించడం లేదు కాబట్టి నోటితోనే చెబుతాను. నాలుగు లైన్లు. పద్ధతులు ఇవీ అని ఒక లైను. పేజీ ఇదీ అని ఒకటి. మొదలు ఇక్కడ అని ఒకటి. పొడవు ఇంత అని ఒకటి. ఫ్లాగ్స్ సున్నా అని ఐదో లైను ఉండాలి. లేదు. రాయకపోతే ఆ చోట ఏముంటుంది? ఆ గడి కిందటి విడతలో దేనికి వాడారో, అప్పుడు ఏముందో, అదే ఉంటుంది. సీ భాష దీని గురించి కిక్కురుమనదు. మీరు విప్పమంటేనే విప్పుతుంది.

ఇది దొరికిన తీరు నాకు లోపం కంటే ఎక్కువ ఇష్టం. కాస్త నిదానంగా చెబుతాను.

జర్మనీలో ఒక హోస్టింగ్ సంస్థలో పనిచేసే మాక్స్ కెలెర్‌మన్ అనే ప్రోగ్రామరు. 2021 ఏప్రిల్ చివర్లో వాళ్లకు ఒక కస్టమరు ఫిర్యాదు చేశాడు, డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైలు, అంటే సర్వరు రోజూ జరిగింది రాసుకుని కుదించి పెట్టే ఫైలు, విప్పడం కుదరట్లేదని. చూస్తే ఫైలు విప్పుకుంటోంది గానీ చివర్లో సీఆర్‌సీ సరిపోవడం లేదు. సీఆర్‌సీ అంటే తూకం చీటీలాంటిది, లోపలి సరుకు మారలేదని చెప్పే లెక్క. ఆయన దాన్ని చేత్తో సరిచేసి, టికెట్ మూసేసి, మర్చిపోయాడు. కొన్ని నెలలకు మళ్లీ అదే ఫిర్యాదు. మళ్లీ.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. బెంగళూరులో నేను చేసిన మొదటి ఉద్యోగంలో అచ్చం ఇలాంటి టికెట్టే వచ్చింది, ఫైలు చివర పాడవుతోందని. నేను "డిస్కు ముసలిదైపోయింది, మార్చండి" అని రాసి మూసేశాను. రెండోసారి వచ్చింది. అప్పుడూ అదే రాశాను. అది డిస్కు తప్పో కాదో నాకు ఈరోజుకీ తెలియదు. అందుకే కెలెర్‌మన్ చేసిన పని చదువుతుంటే నాకు కాస్త సిగ్గేసింది.

ఆయన ఏం చేశాడంటే, కూర్చుని లెక్కపెట్టాడు. గత మూడు నెలల్లో పాడైన ఫైళ్లు 37. ఏయే తేదీల్లో అని చూస్తే నెల చివరి రోజున ఎక్కువ. పాడైంది కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు, ఫైలు చివర ఎనిమిది బైట్లు. తూకం చీటీ ఉండాల్సిన చోటే. ఆ ఎనిమిది బైట్లలో మొదటి రెండూ అక్షరాలుగా చదివితే పీ, కే.

జిప్ ఫైళ్లు తెలిసినవాళ్లకు వెంటనే వెలుగుతుంది. జిప్ కనిపెట్టిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. జిప్ లోపలి ప్రతి హెడరూ వాటితోనే మొదలవుతుంది. ఇక్కడ జిప్ ఎక్కడిది? వాళ్ల సర్వర్లో ఇంకో ప్రోగ్రాము ఉంది. కస్టమరు నెల మొత్తం లాగులు కావాలంటే రోజువారీ ఫైళ్లను స్ప్లైస్‌తో వరసగా పైపులోకి పంపి, ఆఖర్న జిప్ విషయసూచిక రాస్తుంది. నెల ఆఖరి రోజు ఫైలు తర్వాత పైపులో పడేది ఆ సూచికే. ఆ సూచిక ముక్క పైపులో పడటానికి బదులు నెలాఖరు లాగు ఫైల్లో పడుతోంది.

కానీ ఆ ప్రోగ్రాముకు ఆ ఫైళ్లను చదవడానికే తప్ప రాయడానికి అనుమతి లేదు. కాబట్టి అసాధ్యం. అయినా జరుగుతోంది.

మనమైతే ముందు ఎవర్ని తిడతాం? కెర్నెల్‌ని. ఆయన ముందు తన కోడును అనుమానించాడు. కెర్నెల్‌ని అనడానికి మిగతా దార్లన్నీ మూసుకుపోవాలన్నది ఆయన పట్టుదల. చివరికి రెండు బుల్లి ప్రోగ్రాములు రాశాడు. ఒకటి ఫైల్లో ఏ, ఏ, ఏ అని రాస్తూ ఉంటుంది. రెండోది ఆ ఫైలును పైపులోకి స్ప్లైస్ చేసి, తర్వాత పైపులోకి బీ, బీ, బీ అని రాస్తుంది. రెండోది ఫైలును ముట్టుకోదు. కాసేపటికి ఫైలు తెరిస్తే ఏల మధ్యలో బీలు. నాకైతే ఒళ్లు జలదరించింది.

కెర్నెల్ 4.19 వెర్షన్‌లో ఇది జరగలేదు, 5.10లో జరిగింది. ఈ రెండింటి మధ్య 1,85,011 మార్పులున్నాయి. ఒక్కొక్కటీ చూస్తూ పోతే జన్మ చాలదు. గిట్ బైసెక్ట్ అని ఒక పనిముట్టు ఉంది. సగానికి చీల్చి, తప్పు ఏ సగంలో ఉందో చూసి, దాన్ని మళ్లీ సగం చేయడం. 17 అడుగుల్లో ఆ ఒక్క మార్పు చేతికొచ్చింది.

ఇప్పుడు అసలు రుచి. ఆ ఒక్క మార్పులో తప్పు లేదు!

ఫ్లాగ్స్ సున్నా చేయని కోడు 2016 నాటిది, 4.9 కెర్నెల్‌తో వచ్చింది. కానీ అప్పట్లో పీలిక పద్ధతి లేదు. కలపొచ్చా వద్దా అన్నది ట్రే రంగు చూసి తెలుసుకునేవాళ్లు, అంటే "పద్ధతులు" అనే గడి చూసి. దాన్ని ప్రతిసారీ సరిగ్గానే నింపేవాళ్లు. కాబట్టి ఫ్లాగ్స్‌లో పాత చెత్త ఉన్నా ఎవరికీ ఏ నష్టమూ లేదు. నాలుగేళ్లు అలాగే నిద్రపోయింది. 2020లో 5.8 కెర్నెల్ కోసం ఇంకొకరు ఇల్లు సర్దారు. ఇన్ని రంగుల ట్రేలెందుకు, అన్నీ ఒకే రంగు పెట్టి, కలపాల్సిన వాటికి పీలిక కడదాం అన్నారు. శుభ్రమైన మార్పు, నేను రివ్యూ చేసినా ఓకే అనేవాణ్ణి. ఆ రోజు నుంచి 2016 నాటి చెత్తకు అర్థం వచ్చింది.

ఇక దొంగ పని ఎంత సులువో చూడండి. ముందు పైపును మామూలు రాతతో నింపాలి, పదహారు గుంజలకూ పీలికలు పడతాయి. తర్వాత పైపు ఖాళీ చేయాలి. సరుకు పోతుంది, పీలికలు ఉండిపోతాయి. ఇప్పుడు చదవడానికి మాత్రమే హక్కున్న ఒక ఫైలును ఒక బైటు మేర స్ప్లైస్ చేయాలి. ఆ తర్వాత పైపులో ఏది రాస్తే అది ఆ ఫైలు పేజీలోకి. పాస్‌వర్డుల ఫైల్లో అన్ని హక్కులూ ఉండే రూట్ యూజరు లైను మార్చారనుకోండి, మామూలు యూజరు మిషను మొత్తానికీ యజమాని. రాసే హక్కు ఉందా అని కెర్నెల్ ఎక్కడా అడగదు, ఎందుకంటే దాని దృష్టిలో మనం రాస్తున్నది పైపులోకి.

పరిమితులు లేకపోలేదు. పేజీలోని మొదటి బైటు మార్చలేరు, ఒక పేజీ దాటి రాయలేరు, ఫైలు సైజు పెంచలేరు. ఇవి దొంగకు పెద్ద అడ్డేమీ కాదు. పైగా ఇంకో వసతి. పేజీ మారిందని కెర్నెల్‌కే తెలియదు కాబట్టి దాన్ని మళ్లీ డిస్కుకు రాయాలనుకోదు. మిషను రీస్టార్ట్ చేస్తే ఫైలు మళ్లీ మామూలే. దొంగతనం జరిగిన ఇంట్లో తాళం తాళంలాగే, బీరువా బీరువాలాగే ఉన్నట్టు.

2022 ఫిబ్రవరి 20న ఆయన కెర్నెల్ భద్రత బృందానికి చెప్పాడు, సరిచేసే ప్యాచ్‌తో సహా. మరుసటి రోజు పిక్సెల్ 6 ఫోను మీద కూడా అదే పనిచేసిందని ఆండ్రాయిడ్ వాళ్లకు చెప్పాడు. 23న 5.16.11, 5.15.25, 5.10.102 వెర్షన్లు సరిచేసి వదిలారు. జనానికి చెప్పింది మార్చి 7న. ఆ ప్యాచ్ ఎంతో తెలుసా? రెండు ఫంక్షన్లలో ఒక్కో లైను. ఫ్లాగ్స్ సమానం సున్నా. ఫ్లాగ్స్ సమానం సున్నా.

మాస్టారు గడియారం చూస్తున్నారు. మెమరీ తప్పుల్ని చాలావరకు ముందే పట్టేసే రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి అడుగుతారని తెలుసు, ముందే చెప్పేస్తాను. తమ ప్రోడక్టుల్లో దొరికే భద్రత లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. క్రోమ్ బ్రౌజరులోని తీవ్రమైన లోపాల గురించి గూగుల్ చెప్పిందీ ఇంచుమించు అదే లెక్క. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడును రస్ట్ లాంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక 2019లో 76 శాతం ఉన్న వాటా 2024కి 24కు దిగింది. లినక్స్ కెర్నెల్ కూడా 2022 డిసెంబరులో వచ్చిన 6.1తో రస్ట్‌కు తలుపు తీసింది.

రస్ట్‌లో ఒక చీటీని కొత్తగా తయారుచేసేటప్పుడు ఏ గడీ వదిలేయడానికి వీల్లేదు. ఒకటి మర్చిపోతే కంపైలరు ముందుకు పోనివ్వదు. మా నాయన కాటా దగ్గర నిలబడ్డట్టు. కానీ ఒక మెలిక. పాత చీటీనే తీసుకుని పేజీ మార్చు, పొడవు మార్చు అని ఒక్కో గడే దిద్దుకుంటూ పోతే, ఫ్లాగ్స్ మర్చిపోయినా రస్ట్ ఏమీ అనదు. ఎందుకంటే ఆ చోట ఉన్నది చెత్త కాదు, ఒకప్పటి సరైన విలువే. మెమరీ ఇచ్చేటప్పుడే సున్నాలతో నింపే ఏర్పాటు కూడా కెర్నెల్‌లో ఉంది. అదీ ఇక్కడ పనిచేయదు, ఈ గళ్లను మొదట సున్నాలతోనే ఇచ్చారు. మురికి పట్టింది వాడకంలో. కాబట్టి రస్ట్ నేర్చుకోండి, నేనూ రాస్తున్నాను, కానీ ఎవరైనా అది సర్వరోగ నివారిణి అంటే ఈ పైపు కథ చెప్పండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మా ఫోన్లకు అప్పట్లో ఇది వచ్చిందా సార్?)

5.8 గానీ ఆ తర్వాతి కెర్నెల్ గానీ ఉన్నవాటికే, అంటే అప్పటికి చాలా కొత్త ఫోన్లకే. నాయన దగ్గరున్న పాత ఫోనుకు ఏమీ కాలేదు, దాని కెర్నెల్ అంతకంటే ముసలిది. అప్పుడాయన నాతో "చూశావా, కొత్త ఫోను వద్దన్నానా" అన్నాడు. దాన్ని పట్టుకుని మీరు పాత ఫోన్లు వాడకండి తల్లీ, వాటి కన్నాలు వాటికున్నాయి, వాటికి అప్‌డేట్లు కూడా రావు. సెక్యూరిటీ అప్‌డేట్ అని వచ్చినప్పుడు "రేపు" అని నొక్కుతాం చూడండి, ఆ బటన్ జోలికి పోవద్దు.

(మరో విద్యార్థి: ఇలాంటివి కనిపెట్టాలంటే ఏం చదవాలి సార్?)

కెర్నెల్ సోర్సు ఉచితంగానే ఉంది, చదువు. కానీ నిజం చెప్పాలంటే కెలెర్‌మన్ భద్రత నిపుణుడిగా దీన్ని వెతుక్కుంటూ పోలేదు. 37 ఫైళ్ల తేదీలు రాసుకున్నాడు. మీ కాలేజీ ల్యాబులో ఏ మిషను ఏ రోజు హ్యాంగ్ అవుతుందో ఎవరైనా రాసిపెట్టారా? (నవ్వులు)

(ముందు వరసలో ఒక పెద్దాయన: అదంతా సరే అబ్బయా, ఆ పొద్దు మీ నాయనకు ఎంత పోయింది?)

నాకు చెప్పలేదు పెదనాయనా. ఇక్కడే కూర్చున్నాడు, మీరే అడగండి. పక్క చెరువువాళ్ల ట్రే మొత్తం ముప్పై కౌంట్ రేటుకే మేము కొనుక్కున్నామని మాత్రం గుర్తుంది. ఆ తర్వాతి పట్టుబడికి నేను మూడింటికే లేచి రెడీ అయ్యి వెళ్తే, పీలికల సంచీ అప్పటికే మా చెల్లెలి చేతిలో ఉంది.